ట్రోమ్సో వీధుల్లో రెండు గంటల నడక
(మోర్తాడ్‌లో జరిగిన యువజన సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

 

సంఘం వాళ్లు నన్ను విదేశీ ప్రయాణం గురించి మాట్లాడమన్నారు. మన దిక్కు విదేశమంటే దుబాయి, మస్కట్, కువైట్. ఆ ఎడారి సంగతి నాకంటే ఇక్కడ కూర్చున్న వాళ్లలో సగం మందికి బాగా తెలుసు. అందుకే నేను దానికి పూర్తిగా ఎదురు దిక్కున ఉన్న ఒక ఊరి గురించి చెప్తాను. ఉద్యోగం పని మీద నార్వే దేశం పోయినప్పుడు నాకు రెండు రోజులు ఖాళీ దొరికింది. ఆ రెండు రోజులు ట్రోమ్సో అనే రేవు పట్నంలో గడిపాను. పోయింది మంచు చూద్దామని. మీకు చెప్పాలనిపిస్తున్న సంగతులు వేరే ఉన్నాయి.

ముందు ఆ ఊరు ఎక్కడుందో చూద్దాం. మన మోర్తాడ్ భూమధ్యరేఖకు పైన దాదాపు 19 డిగ్రీల దగ్గర ఉంది. ట్రోమ్సో 69 డిగ్రీలు దాటి ఉంటుంది. ఆర్కిటిక్ వృత్తం దాటాక ఇంకా 350 కిలోమీటర్లు ఉత్తరానికి పోవాలి. ఊరి నడిబొడ్డు ఒక దీవి మీద ఉంది. నవంబర్ చివరి నుంచి జనవరి మధ్య దాకా అక్కడ సూర్యుడు పైకే రాడు. మే మూడో వారం నుంచి జూలై మూడో వారం దాకా అసలు మునగడు. జనవరి 21న సూర్యుడు మళ్లీ కనపడ్డ పండుగ చేసుకుంటారు. ఆ రోజు పిల్లలూ పెద్దలూ జాము పెట్టిన తీపి బన్నులు తింటారు, వాటి పేరే సూర్యుడి బన్నులు. ఇంత ఉత్తరాన ఉన్నా ఆ రేవు గడ్డకట్టదు. అట్లాంటిక్ సముద్రంలో దక్షిణం నుంచి వచ్చే వెచ్చటి నీటి ప్రవాహం ఆ తీరం వెంట పారుతుంది. జనవరి సగటు చలి సున్నాకు మూడు నాలుగు డిగ్రీలు కిందనే. పడవలు పన్నెండు నెలలూ తిరుగుతాయి. ఊరు బతికిందే దాని మీద. పట్నం హోదా 1794లో వచ్చింది.

నేను పోయింది ఫిబ్రవరిలో. గైడుతో కలిసి నడిచే టూరు ఒకటి ఉంటే చేరాను. పది పన్నెండు మందిమి. గైడు పాతికేళ్ల అమ్మాయి. ముందుగా అందరి బూట్లకు ఇనుప ముళ్ల పట్టీలు తొడిగించింది. లేకపోతే ఆ నున్నటి మంచు మీద నాలుగడుగులు కూడా నిలబడలేం. తర్వాత "బురెస్" అంది. సామీ భాషలో నమస్కారం అన్నమాట. సామీలు ఆ దేశపు ఆదివాసులు. నార్వే, స్వీడన్, ఫిన్లాండ్, రష్యా, ఈ నాలుగు దేశాల ఉత్తర భాగాల్లో ఉంటారు. ఇది వరకు వాళ్లను బయటివాళ్లు "లాప్" అనేవాళ్లు. ఆ మాట వాళ్లకు అవమానం. మనల్ని బయటివాళ్లు రకరకాల పేర్లతో పిలుస్తారు, మనం మాత్రం మనల్ని గోర్ అంటాం, బయటివాళ్లను కోర్ అంటాం. పేరు ఎవరు పెట్టారన్నది చిన్న విషయం కాదని అక్కడే అనిపించింది.

రేవు దగ్గర మొదటి మజిలీ అముండ్‌సెన్ విగ్రహం. దక్షిణ ధ్రువం మీద మొదట కాలు పెట్టిన మనిషి, 1911 డిసెంబర్ 14న. మీ పాఠాల్లో ఈ పేరు చదివే ఉంటారు. పాఠాల్లో లేనిది ఆ అమ్మాయి చెప్పింది. అంతకు ఎనిమిదేళ్ల ముందు ఇతని పడవ కెనడా ఉత్తర తీరంలో రెండు చలికాలాలు ఆగిపోయింది. అక్కడి ఇన్యూట్ ఆదివాసుల దగ్గర కూర్చుని కుక్కల బండి తోలడం, తోలు బట్టలు వేసుకోవడం నేర్చుకున్నాడు. ఆ బట్టలు వదులుగా ఉంటాయి, లోపల చెమట పట్టదు. చెమట పడితే అది గడ్డకట్టి మనిషి చస్తాడు. అదే పోటీలో ఉన్న ఇంగ్లండు వాడు స్కాట్ గుర్రాలనూ మోటారు బండ్లనూ నమ్ముకున్నాడు, ఎక్కువ దూరం బండ్లను మనుషులే లాగారు. అతను నెల రోజులు ఆలస్యంగా ధ్రువం చేరి, తిరిగి వచ్చే దారిలో తన మనుషులతో పాటు చనిపోయాడు. విగ్రహం అముండ్‌సెన్‌ది. చదువు చెప్పిన వాళ్లకు విగ్రహం లేదు. 1928 జూన్ 18న, మంచులో చిక్కుకున్న ఇటలీ వాళ్లను వెతకడానికి ఇదే ఊరి నుంచి విమానం ఎక్కాడు, మళ్లీ రాలేదు. సరిగ్గా యాభై ఏళ్లకు, అదే తేదీన, రేవు ఒడ్డున పాత సరుకు గోదాంలో పోలార్ మ్యూజియం తెరిచారు. సీల్ జంతువులనూ తెల్ల ఎలుగులనూ వేటాడిన వాళ్ల సామాన్లన్నీ అందులో ఉంటాయి. ఒకప్పుడు ఈ ఊరి సంపాదన అదే.

ఆ వేట కంటే పాతది చేప. కాడ్ అనే చేపను ఉప్పు వేయకుండా, కట్టె దండేల మీద జతలుగా వేలాడదీసి చలిగాలికి ఎండబెడతారు. కట్టెలాగా గట్టిపడ్డాక ఏళ్ల తరబడి చెడిపోదు. ఇటలీకి పోతుంది, నైజీరియాకు పోతుంది. నాకు మన పసుపు కల్లాలు గుర్తొచ్చాయి. మనం ఉడకబెట్టి ఎండకు ఆరబోస్తాం, వాళ్లు పచ్చిగానే చలికి ఆరబోస్తారు. రేటు వచ్చేదాకా దాచుకునే ఓపిక రెండు చోట్లా ఒకటే. దాచుకునే స్తోమత లేనివాడు ముందే అమ్ముకోవడం కూడా రెండు చోట్లా ఒకటేనని ఆ అమ్మాయి మాటల్లో తెలిసింది.

అక్కడి నుంచి ఊరి మధ్యలో చెక్కతో కట్టిన పెద్ద చర్చి, 1861 నాటిది. వంతెన అవతల త్రికోణాకారంలో తెల్లగా మెరిసే చర్చి ఇంకొకటి కనపడుతుంది, ఫోటోల్లో ఎక్కువ వచ్చేది అదే. అది 1965లో కట్టింది. వంతెన 1960లో వచ్చింది, కిలోమీటరుకు కొంచెం ఎక్కువ పొడవు. అంతకుముందు అవతలి ఒడ్డుకు పడవే దిక్కు. కానీ ఈ దీవి మీద మొట్టమొదటి చర్చి 13వ శతాబ్దం మధ్యలోనే కట్టారట. ఆ తర్వాత ఒక పోపు లేఖలో ఆ చర్చిని ఏమని రాశారో తెలుసా? "అన్యమతస్థుల పక్కనున్న మేరీ మాత గుడి" అని. అంటే అప్పటికే పక్కన వేరే జనం ఉన్నారని వాళ్ల కాగితమే చెప్తోంది. చిరునామా చెప్పడానికి పనికొచ్చారు, పేరు రాయడానికి మాత్రం పనికిరాలేదు.

తర్వాత స్టోర్‌గాటా, అంటే పెద్ద వీధి. ఫిబ్రవరి 6 సామీల జాతీయ దినం. 1917లో అదే రోజున ట్రోండ్‌హీమ్ పట్నంలో వాళ్ల మొదటి మహాసభ మొదలైంది. అందులో ముందున్నది ఎల్సా లౌలా రెన్‌బెర్గ్ అనే ఆడమనిషి. ఆ వారం ఈ వీధిలోనే రెయిన్‌డీర్ పందేలు పెడతారు. రెయిన్‌డీర్ ముందు పరుగెడుతుంటే వెనక పగ్గం పట్టుకుని స్కీల మీద మనిషి జారుతూ పోతాడు. మా టూరులో ఒకాయన, ఒక్కొక్కరికి ఎన్ని రెయిన్‌డీర్లు ఉంటాయని అడిగాడు. అమ్మాయి నవ్వి, "మీ బ్యాంకులో ఎంతుందో ముందు మీరు చెప్పండి" అంది. మన తాండాలో కూడా పెద్దాయనను పట్టుకుని మీకెన్ని ఎడ్లని మొహం మీద అడిగేవాళ్లు కాదు కదా. ఇంకో మాట కూడా చెప్పింది. సామీలంటే అందరూ రెయిన్‌డీర్ కాసేవాళ్లే అనుకుంటారు, కానీ కాసేవాళ్లు కొద్దిమందే. తీరంలో చేపలు పట్టినవాళ్లు, ఇప్పుడు ఆఫీసుల్లో పనిచేసేవాళ్లు ఎక్కువ. వాళ్ల నాన్నమ్మ కూడా తీరం సామీయే.

ఆ నాన్నమ్మ కథ దగ్గర నడక ఆగింది. హాస్టల్ బడిలో సామీ మాట్లాడితే శిక్ష. 1898లో సర్కారు ఒక ఉత్తర్వు ఇచ్చింది. బడిలో సామీ భాష వాడకూడదు, మరీ తప్పనిసరి అయితేనే సాయానికి ఒక మాట. 1902లో ఫిన్‌మార్క్ అనే ఉత్తర జిల్లాకు ఇంకో చట్టం వచ్చింది. నార్వే భాష మాట్లాడటం, చదవటం, రాయటం వచ్చి దాన్ని రోజూ వాడేవాళ్లకే సర్కారు భూమి అమ్ముతారు. భాష రాకపోతే భూమి లేదు. ఇది రెండు మూడు తరాలు నడిచింది. ఆ నాన్నమ్మ తన పిల్లలతో ఒక్క సామీ మాట మాట్లాడలేదు. పిల్లల మీద ప్రేమ లేక కాదు. బడిలో తాను పడ్డది పిల్లలు పడొద్దని. గైడు పెద్దయ్యాక, యూనివర్సిటీలో, పరాయి భాష నేర్చుకున్నట్టు అక్షరం అక్షరం నేర్చుకుని, ముసలితనంలో ఉన్న నాన్నమ్మతో మాట్లాడింది. మొదటిసారి నాన్నమ్మ సామీలో వినలేదట, నార్వే భాషలోనే జవాబిచ్చిందట.

అణచిన కథ ఎంత ఉందో, తిరగబడిన కథ కూడా అంత ఉంది. 1970ల చివర ఆల్టా నది మీద డ్యాము కడతామంటే సామీలు 1979లో ఓస్లోలో పార్లమెంటు ముందు గుడారం వేసి నిరాహార దీక్ష చేశారు. డ్యాము ఆగలేదు, కట్టారు. కానీ ఆ గొడవ వల్ల దేశం మొత్తానికి ఈ జనం ఉన్నారని తెలిసింది. 1987లో సామీ చట్టం, 1989లో వాళ్లు ఎన్నుకునే సామీ పార్లమెంటు వచ్చాయి. 1997లో రాజు హారాల్డ్ క్షమాపణ చెప్పాడు. 2023లో సత్యశోధన కమిషన్ రిపోర్టు ఇచ్చింది, 2024 నవంబర్‌లో నార్వే పార్లమెంటు కూడా క్షమాపణ చెప్పింది. అంతా బాగైపోయిందని అనుకోకండి. ఫోసెన్ అనే చోట రెయిన్‌డీర్ మేసే నేల మీద గాలిమరలు పెట్టడం వాళ్ల హక్కులకు విరుద్ధమని 2021లో అక్కడి సుప్రీంకోర్టు చెప్పింది. తీర్పు వచ్చి ఐదొందల రోజులైనా మరలు తిరుగుతూనే ఉంటే 2023లో యువకులు మంత్రుల ఆఫీసుల దర్వాజాలు మూసి కూర్చున్నారు. వాళ్లలో చాలామంది మీ వయసు వాళ్లే. ఇక ట్రోమ్సోలోనే, 2011లో సామీ భాషకు అధికార హోదా ఇద్దామని మునిసిపాలిటీ తీర్మానం చేస్తే, ఊళ్లో పెద్ద గొడవైంది. ఎన్నికల్లో కొత్తవాళ్లు గెలిచి దాన్ని వెనక్కి తీసుకున్నారు. ఆ ఊరికి సామీలో రొమ్సా అని పేరుంది. బోర్డు మీద ఆ పేరు రాస్తే ఎవరికి నష్టం? నాకైతే అర్థం కాలేదు.

ఇప్పుడు మన దగ్గరికి వద్దాం. ఒక జాగ్రత్త ముందే చెప్పాలి. సామీలు ఆ నేల మీద మొదటి నుంచీ ఉన్నవాళ్లు. మనం ఎడ్ల మీద ధాన్యం, ఉప్పు మోసుకుంటూ రాజుల సైన్యాల వెంట దేశం తిరిగి వచ్చిన వాళ్లం. రైలు వచ్చాక ఆ వ్యాపారం పోయి తాండాలు ఒక్కచోట నిలిచాయి. రెండు కథలూ ఒకటే అని స్టేజీల మీద చెప్పేవాళ్ల మాట నేను ఒప్పుకోను. కానీ భాష విషయంలో మాత్రం వాళ్ల దగ్గర నేర్చుకోవాల్సింది చాలా ఉంది.

ఉత్తర సామీ భాషను మూడు దేశాల వాళ్లు మూడు రకాలుగా రాసుకునేవాళ్లు. నార్వే పిల్లవాడి పుస్తకం ఫిన్లాండ్ పిల్లవాడికి పనికొచ్చేది కాదు. 1979లో కూర్చుని అందరికీ ఒకే రాత పద్ధతి ఖాయం చేసుకున్నారు. మన గోర్ బోలీని తెలంగాణలో తెలుగు లిపిలో, మహారాష్ట్రలో దేవనాగరిలో, కర్ణాటకలో కన్నడంలో రాస్తున్నాం. మాట్లాడితే యవత్మాళ్ మనిషికీ మనకూ అర్థమవుతుంది, రాస్తే కాదు. 2011 జనాభా లెక్కల్లో లంబాడీ మాతృభాష అని చెప్పినవాళ్లు 32 లక్షలకు పైగా ఉన్నారు. అయినా లెక్కల పుస్తకంలో మన భాష హిందీ కింద ఒక వరుసగా ఉంది. ఎనిమిదో షెడ్యూల్లో లేదు. 2018 చట్టంతో మన తాండాలు గ్రామ పంచాయతీలయ్యాయి, మంచిదే. బోర్డు వచ్చింది. ఆ బోర్డు కింద కూర్చున్న పిల్లలు ఏ భాషలో ఆడుకుంటున్నారో ఒకసారి వినండి.

బట్టల సంగతి కూడా ఒకటుంది. సామీల గాక్తి చూస్తే మనిషిది ఏ ప్రాంతమో తెలిసిపోతుంది. ఫిన్లాండ్‌లో టూరిస్టుల కోసం సామీలు కానివాళ్లకు నకిలీ గాక్తి తొడిగితే వాళ్లు ఊరుకోలేదు. మన ఫేట్యా, కాంచళి సినిమా పాటల్లో ఎట్లా వాడుతున్నారో మీకు తెలుసు. మనమేమో చప్పట్లు కొడుతున్నాం.

అందుకని సంఘానికి నాదొక ప్రతిపాదన. టూరు నడిపిన ఆ అమ్మాయికి చేతిలో ఉన్నది రెండు గంటలు, రెండు కిలోమీటర్లు. మన తాండాలో అంత దూరం కూడా అక్కర్లేదు. సేవాలాల్ గుడి దగ్గర మొదలుపెట్టి, నాయక్ ఇంటి వాకిలి, తీజ్ బుట్టలు పెట్టే చోటు, పాత బావి, పసుపు కల్లం. ఒక్కో చోట నిలబడి అక్కడి సంగతి గోర్ బోలీలో చెప్పగలవాళ్లు ఇక్కడ ఎంతమంది ఉన్నారు? చేతులెత్తకండి, ఇంటికి పోయి యాడీ బాపులను అడిగి చూసుకోండి. నగలన్నింటి పేర్లు, కుట్టుపనిలో ఒక్కో కుట్టు పేరు, ఎడ్ల బిడారు రాత్రి ఎట్లా దిగేది, ఇవన్నీ డెబ్బై దాటిన వాళ్ల దగ్గరే ఉన్నాయి.

మొదటి నడక వచ్చే తీజ్‌కు ముందు ఆదివారం పెట్టుకుందాం. మోర్తాడ్ స్టేషన్ దాకా ఇప్పుడు రైలుంది కాబట్టి నిజామాబాద్, కరీంనగర్‌లలో చదువుకునే వాళ్లు కూడా రావచ్చు. ఫోన్లో రికార్డు చేయడానికి ఇద్దరు, తెలుగు లిపిలో రాయడానికి ఇద్దరు కావాలి. రాసేవాళ్లు తప్పులకు భయపడొద్దు. ముసలమ్మలు మొదటిసారి తెలుగులోనే జవాబిస్తే వదిలి రాకండి, రెండోసారి పోండి.

ఇంకా చలి గురించి, వీసా గురించి, ఖర్చు గురించి అడగాలనుకునే వాళ్లు చాయ్ దగ్గర కలవండి. అన్నిటికంటే ఎక్కువ ఖర్చు అక్కడి హోటల్ భోజనమే, మారుమాట లేదు.