పిల్లల మోకాలు టక్కుమంటే



నేను డాక్టరును కాను, రిటైరైన సుబేదారును. జంషెడ్‌పూర్‌లో కదమా, సోనారీ వైపు తెల్లవారకముందే భర్తీ కోసం పరుగెత్తే మన పిల్లల్ని చూసి ఈ నాలుగు మాటలు చెప్పాలనుకున్నాను.

పీటీలో మోకాలు పట్టుకుని కూర్చున్న కుర్రాణ్ణి "బహానా చేస్తున్నాడు" అనడం మనం సర్వీసులో ఎన్నోసార్లు విన్నాం. అన్నీ బహానాలు కావు. మోకాలి లోపల రెండు ఎముకల మధ్య నెలవంక ఆకారంలో రెండు మృదులాస్థి పట్టీలుంటాయి. వాటిని మెనిస్కస్ అంటారు. కొందరికి పుట్టుకతోనే బయటి వైపు పట్టీ దళసరిగా, నిండు బిళ్ళలాగా ఉంటుంది. ఇదే డిస్కాయిడ్ మెనిస్కస్. అది తేలిగ్గా చిరుగుతుంది.

చాలామందికి దీనివల్ల ఏ బాధా ఉండదు. వాళ్ళకు ఆపరేషన్ అక్కర్లేదు. కానీ దెబ్బ తగలకుండానే మోకాలు టక్కుమంటున్నా, వాస్తున్నా, కాలు పూర్తిగా చాపలేకపోయినా, మధ్యలో పట్టేసినా ఎముకల డాక్టరుకు చూపించాలి. మాలిష్ చేయించి లాగించకండి. ఎక్స్‌రేలో మెనిస్కస్ కనబడదు. "ఎక్స్‌రే బాగానే ఉంది" అన్నంత మాత్రాన ఊరుకోకూడదు. ఎమ్మారై తీస్తే తెలుస్తుంది. రెండో మోకాలికీ ఉండవచ్చు, అదీ చూపించండి.

వెనకటి రోజుల్లో మెనిస్కస్ మొత్తం తీసేసేవారు. అలా తీసిన మోకాలు తొందరగా అరిగిపోయేది. 1962లో టోక్యోలో డాక్టర్ వతనబే ఆర్త్రోస్కోప్ అనే సన్నని గొట్టంతో లోపలికి చూస్తూ, చెడిన భాగం మాత్రమే తీసి చూపించారు. ఇప్పుడు నడిమి భాగం కోసి, చుట్టూ 6 నుంచి 8 మిల్లీమీటర్ల అంచు ఉంచుతారు. చిరుగుంటే కుడతారు. అందుకని ఆపరేషన్‌కు ముందే "ఎంత తీస్తారు, ఎంత ఉంచుతారు" అని అడగండి. తర్వాత ఫిజియోథెరపీ పూర్తయ్యి, డాక్టరు సరేననే దాకా పరుగు వద్దు.

మన మీద ఆధారపడిన పిల్లలకు ఈసీహెచ్‌ఎస్ ఉంది. కొడుకైతే పెళ్ళీ ఉద్యోగమూ లేనంతవరకు 25 ఏళ్ళ దాకా వర్తిస్తుంది. పాలీక్లినిక్‌లో రిఫరల్ రాయించుకోండి.

ఆఖరి మాట. నొప్పి బిళ్ళ మింగి 1.6 కిలోమీటర్లు పరుగెత్తితే ఆ రోజు గడవవచ్చు, లోపలి చిరుగు మాత్రం పెద్దదవుతుంది. భర్తీలో పేరు రాకపోతే ఇంకో దారి వెతుక్కోవచ్చు. మోకాలు పోతే ఏ దారిలోనూ సుఖంగా నడవలేడు. అబ్బాయి నొప్పి అన్నప్పుడు తండ్రి ముందుగా నమ్మాలి.

జై హింద్.