పక్షవాత చికిత్సయందు నిమిషముల లెక్క



మేము ఇంగ్లండు ఆసుపత్రులలో పక్షవాత రోగులకు సేవచేయుచున్న మనవారము. వైద్యులమును, నర్సులమును గలము. అచ్చట 2013 నుండి ప్రతి రోగి వివరములను జాతీయ ఆడిట్‌నకు పంపవలసియున్నది. రోగి ఆసుపత్రికి వచ్చిన వేళ, మెదడు స్కాను తీసిన వేళ, నీరు మ్రింగగలడో లేదో పరీక్షించిన వేళ, పక్షవాతపు వార్డునకు చేరిన వేళ, అన్నియు నిమిషములతో వ్రాయవలెను. వార్డునకు 4 గంటలలోపల చేర్చవలెనని నియమము.

ఈ వ్రాత యెవరిది? కొన్నిచోట్ల దీనికై ప్రత్యేక గుమాస్తా యుండును. తక్కినచోట్ల నర్సే డ్యూటీ ముగిసిన పిమ్మట కేసుకాగితములు తిరుగవేయుచు కూర్చుండును. రోగిని నడిపింపవలసిన గంట కంప్యూటరు పాలగుచున్నదని మేము విసిగిన దినములు కలవు. అయినను, రాత్రివేళ స్కాను ఆలస్యమగుచున్నదని నోట మొఱపెట్టినపుడు వినని అధికారులు అంకెలు చూపగా వినిరి.

అన్నిటికంటె కష్టమైన గడి వ్యాధి మొదలైన వేళ. రక్తపుగడ్డను కరగించు మందు సాధారణముగా 4½ గంటలలోపల నీయవలెను. నిద్రలో వచ్చినచో, రోగి కడపటిసారి కులాసాగా కనబడిన వేళ నడుగుదుము. ఇచ్చటి వైద్యులును మొదట నడుగునది యిదియే. ఆ గడి నింపగలవారు మేము కాము, ఇంటివారే.