చేదు దుంపను తిండిగా మలిచినవారు
(కార్లోస్ ఒచోవా స్మారకోపన్యాసం)

పెరూ బంగాళాదుంప శాస్త్రవేత్త ఒచోవా పేరు తలచినవారు ఆయన వెలికితీసిన అడవి జాతులతో మొదలుపెట్టడం పరిపాటి. నేను రైతుల చేలల్లోని దుంపలతో మొదలుపెడతాను. ఆండీస్‌లో బంగాళాదుంప సాగు పుట్టుక, ఇన్కా రాజ్యం, స్పెయిన్ ఓడలు, ఇవన్నీ మీకు తెలిసినవే. నేను చెప్పదలచింది ఒక్కటే. నాటు రకాల వైవిధ్యం కొండలు ఇచ్చిన వరం కాదు, తరతరాలుగా మనుషులు చేసిన పని. టిటికాకా సరస్సు చుట్టుపక్కల, సుమారు 4,000 మీటర్ల ఎత్తున, గట్టి మంచును తట్టుకునేవి ఎక్కువగా చేదు దుంపలే. వాటిలోని గ్లైకోఆల్కలాయిడ్లు అనే చేదు విషాలు ఉడికించినా పోవు. అందుకే జూన్, జూలై రాత్రుల్లో వాటిని గడ్డి నేల మీద పరిచి గడ్డకట్టనిస్తారు. పొద్దెక్కి కాస్త మెత్తబడగానే ఇంటిల్లిపాదీ ఉత్త కాళ్లతో తొక్కి నీరు పిండేస్తారు, ఎండలో ఆరబెడతారు. నల్లగా, బెండులా తేలికగా మిగిలేదే చూన్యో. పారే నీటిలో వారాల తరబడి నానబెట్టి ఆరబెడితే తెల్లని తుంటా అవుతుంది. రెండూ ఏళ్ల తరబడి నిలవుంటాయి. పొతోసీ వెండి గనులకు చూన్యో తోలి అమ్మి ఎందరో స్పానిష్‌వాళ్లు ధనవంతులయ్యారని చరిత్రకారుడు సియెసా ద లియోన్ 16వ శతాబ్దంలోనే రాశాడు. చేదు దుంపలతో పాటు బంకమన్ను నంజుకునే అలవాటూ అక్కడ ఉంది. ఆ మన్ను విషాన్ని పట్టి ఉంచుతుందని పరిశోధకుడు టిమొతీ జాన్స్ 1980లలో చూపించాడు.

ఇక్కడ కాస్త ఆగి ఒక పాత తగవు తేల్చుకోవాలి. వర్గీకరణ శాస్త్రవేత్తల్లో, బంగాళాదుంప సాగు జాతులు ఏడని హాక్స్ అన్నాడు, తొమ్మిదని ఒచోవా అన్నాడు, బుకాసోవ్ లెక్క ఇంకా పెద్దది. 2007లో స్పూనర్ బృందం డీఎన్ఏ ఆధారంగా వాటిని నాలుగుకు కుదించింది. దాంతో పాతవారి శ్రమంతా వృథా అన్నవాళ్లున్నారు. నేను ఒప్పుకోను. ఆ నాలుగింటిలో ఒకటి మనందరికీ తెలిసిన దుంప. మిగతా మూడూ మంచును తట్టుకునేవి, వాటిలో రెండు ప్రధానంగా చూన్యోకే పోతాయి. అంటే ఉడికించి తినేది ఏది, తొక్కి ఆరబెట్టాల్సింది ఏది అని రైతులు ఎప్పుడో గీసిన గీతకు చాలా దగ్గరగానే ప్రయోగశాల గీతా పడింది. ఆ రెండింటిలో ఒకటైన జుజెప్‌చుకీ సాగు దుంపకూ అడవి జాతికీ సంకరంగా పుట్టిన మూడు క్రోమోజోముల వరసల మొక్క, విత్తనం కట్టదు. ఏటా ఎవరో ఒకరు దుంప దాచి నాటకపోతే అది ఈనాటికి మిగిలేదే కాదు. ఒకే చేలో పది, ఇరవై రకాలు కలిపి నాటడం చీడకూ మంచుకూ జాగ్రత్త మాత్రమేనని మరికొందరు వాదిస్తారు. జాగ్రత్తే అయితే, చెక్కు తీయడం గగనమయ్యే మెలికల దుంప ఎందుకు మిగిలింది? కొత్త కోడలి పనితనం చూడటానికి అత్తగారు చేతికిచ్చే దుంప అది. దిగుబడి లెక్కలో దానికి చోటు లేదు, ఇంటి మర్యాదలో ఉంది.

సమయం మించిపోతోంది. యూరప్ కథ, 1845 నాటి ఐర్లండ్ తెగులు వదిలేస్తున్నాను. 1971లో లీమాలో అంతర్జాతీయ బంగాళాదుంప కేంద్రం ఏర్పడింది, నాలుగు వేలకు పైగా నాటు రకాలను భద్రపరిచింది. 2004లో పెరూలోని పిసాక్ దగ్గరి గ్రామాలతో ఒప్పందం చేసుకుని చాలా రకాలను వాళ్ల చేలకే తిరిగి పంపింది. శీతల గదులు చాలవా అని అడిగేవారికి నా జవాబు ఇది: ఆ గదుల్లో మొక్క బతుకుతుంది, తొక్కే నేర్పు బతకదు. వాతావరణం వేడెక్కేకొద్దీ పిసాక్ రైతులు దుంపలను ఇంకా పైకి తీసుకెళ్లి నాటుతున్నారు. ఆపైన కొండ కొద్దిగానే మిగిలింది.