నాదము సరసన రూపము



క్లాడియో మాంటెవెర్డి మాంటువా ప్రభువుల కొలువులో నుండి, 1610లో వెనిస్ నగరమున మరియమాత సాయంకాల ప్రార్థన సంగీతమును ముద్రింపించి, పోపు ఐదవ పాల్‌కు అంకితమిచ్చెను. అందు ఐదు దావీదు కీర్తనలును, ఒక స్తోత్రమును, మరియమాత గీతమును, వాని నడుమ కొలది గొంతులు పాడు గీతములును కలవు. మూడేండ్లకు ముందే "ఓర్ఫేయో" సంగీతనాటకమును కూర్చిన చేయి అది. ప్రాచీన ప్రార్థనాస్వరములను విడువకయే, రంగస్థలపు ఆవేదనను ఆయన దేవాలయములోనికి గొనివచ్చెను.

ఈ సంగీతమునకు చిత్రకారుడో శిల్పియో తోడు వచ్చినచో చేయవలసినదేమి? ప్రశ్న చిన్నది కాదు. ఏలయన, ఇందు దృశ్యము ముందే యున్నది. ఒక గీతమున ఇద్దరు సెరాపులు ఒకరినొకరు పిలుచుకొందురు. త్రిత్వప్రస్తావన రాగానే మూడవ గాయకుడు చేరును. ముగ్గురును ఒక్కటే యను చోట మూడు గొంతులును ఒకే స్వరమున కలియును. వేరొక గీతమున చాటునున్న గాయకుడు ప్రతిధ్వనియై బదులిచ్చును. లాటిన్‌లో సముద్రములను పలుకు అతని నోట మరియ నామమగును. చెవి ఇంత చూచిన పిమ్మట తెరపై రెక్కల దేవదూతలను చూపుట చెప్పినదే చెప్పుట.

2017లో హాలండ్ ఉత్సవమున ఈ కృతిని ఆమ్‌స్టర్‌డామ్‌లోని పాత గ్యాసు నిల్వశాలలో ప్రదర్శించిరి. రఫాయెల్ పిషోఁ సంగీతసారథి, పియర్ ఓదీ దర్శకుడు. బెల్జియం శిల్పి బెర్లిండె డె బ్రూకేరె తోడు నిలిచెను. ఆమె మైనపు శిల్పములలో కూలిన వృక్షము గాయపడిన దేహమువలె గుడ్డకట్లతో కానవచ్చును. మరియమాత రూపమును చెక్కుటకంటె ఇదే యుక్తము: కీర్తన మహిమను పాడుచుండగా, ఆ మహిమను వేడు మానవుని నొప్పి కన్నులయెదుట నుండును.

విశ్వాసికి ఇది ప్రార్థన. గుడి వెలుపల టిక్కెట్టు కొన్నవానికి కచేరీ. శిల్పి ఆ ప్రార్థనను అలంకారముగా మార్చినచో ఇరువురును నష్టపోవుదురు.

ఆచరణలోని చిక్కులు మరింత మొరటువి. దీపములు తగ్గించినచో గాయకునికి స్వరపత్రము కనబడదు. శిల్పము అడ్డమైనచో సారథి చేయి కనబడదు. ప్రతిధ్వని పలుకువానిని దాచుటకు గ్యాసుశాలలో గుడిలోని మూలలు లేవు. కావున అతడు నిలుచు తావును శిల్పియు సారథియు తొలిదినముననే కూర్చుండి నిర్ణయించుకొనవలెను.