తొందరపాటు తీర్పులు
(ఖరగ్‌పూర్ సభలో చేసిన ప్రసంగ పాఠము)

రైల్వే, తపాలా సోదరులారా!

1920వ దశకము చివరలో ఇచ్చట బెంగాల్–నాగపూర్ రైల్వే కార్మికుల పోరాటమును నడిపిన వి.వి. గిరిని మన పెద్దలు నెత్తిన పెట్టుకొనిరి. బ్యాంకు ఉద్యోగుల తీర్పును ప్రభుత్వము మార్చగా, 1954లో ఆయన కేంద్ర కార్మికమంత్రి పదవినే వదలుకొనెను. 1974 మే 8న రైల్వే సమ్మె ఆరంభమై వేలాదిమంది జైలుపాలైన నాడు ఆయనయే రాష్ట్రపతి. మనలను మరచెనని మనలో కొందరము నిందించితిమి. రాష్ట్రపతి మంత్రివర్గ సలహాకు లోబడవలసినవాడని తలపనైన లేదు. 1980లో ఆయన మరణించగా మరల కీర్తించితిమి.

షెడ్డులోనైనను, సార్టింగు కార్యాలయములోనైనను, ఇంటి కష్టముచేత సమ్మెకు రాలేకపోయిన తోటివానిని ఇట్లే ఒక్కమాటతో వెలివేసితిమి. చేసిన పనిని ఖండింతము. మనిషిపై తీర్పును మాత్రము విచారించి చెప్పుదము. రేపటి పోరాటమునకు అతడును కావలెను.