రోగిని ఎత్తే చేతులు
(బూన్ లేలో జరిగిన సాంస్కృతికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



పాటలూ నాట్యాలూ చూడడానికి వచ్చిన మీ ముందు ఆపరేషన్ థియేటరు మాట ఎత్తడం కొంచెం సాహసమే. కాని నా ఉద్యోగమంతా అక్కడే గడిచింది. ఈ పక్కన జురాంగ్ ఈస్ట్‌లో 2015లో పెద్ద ఆసుపత్రి వచ్చిన తరువాత మనలో చాలా ఇళ్ళవారు ఏదో ఒక పనిమీద ఆ గడప తొక్కినవారే. అందుకని సాహసిస్తున్నాను.

ఆపరేషన్ ఎవరు చేశారని అందరూ అడుగుతారు. రోగిని స్ట్రెచరు మీదినుంచి బల్లమీదికి ఎవరు మార్చారని ఎవరూ అడగరు. అది కూలిపని అని అనుకుంటారు. కాని అందులోనూ విద్య ఉంది.

మెలకువగా ఉన్న మనిషి చెయ్యి మెలిపడితే "అబ్బా" అంటాడు. మత్తులో ఉన్నవాడు అనలేడు. కండరాలు సడలిపోయి ఉంటాయి, మెడ నిలవదు. మోచేయి బల్ల అంచుకు ఒత్తుకుంటే నరం నలిగి, తరువాత వేళ్ళు తిమ్మిరెక్కవచ్చు. చెయ్యి భుజానికి సూటిగా ఉన్న స్థితి దాటి వెనక్కు లాగితే భుజం నరాలు సాగుతాయి. కింద గుడ్డ లేకుండా ఈడిస్తే వీపు చర్మం ఒరుసుకుపోతుంది. అతని నొప్పిని అతని బదులు మనమే ముందుగా తలచుకోవాలి.

అందుచేత ఒక పద్ధతి ఉంది. ముందు రెండు బల్లల చక్రాలకూ బ్రేకులు వెయ్యాలి, ఎత్తు సరిచెయ్యాలి. గొట్టాలూ, సెలైను తీగలూ చూసుకోవాలి. రోగి కింద జారుడు పలక గాని, జారుడు దుప్పటి గాని ఉండాలి. ఎత్తడం కాదు, జరపడమే. తలవైపు మత్తు డాక్టరు నిలబడి తలనూ, గొంతులోని గొట్టాన్నీ పట్టుకుంటారు. ఇటూ అటూ మనుషులు, కాళ్ళవద్ద ఒకరు. తలవద్ద ఉన్నవారు "ఒకటి, రెండు, మూడు" అన్నాకనే అందరూ ఒక్కసారిగా కదలాలి. కాళ్ళు పైకెత్తి కట్టే ఆపరేషన్లలో ఇద్దరు మనుషులు రెండు కాళ్ళనూ ఒకేసారి ఎత్తాలి, ఒకేసారి మెల్లగా దించాలి. ఒక్కొక్కటిగా చేస్తే నడుము మెలిపడుతుంది. గబుక్కున దించితే రక్తపు పోటు పడిపోవచ్చు.

మన తాతముత్తాతల ఊళ్ళలో పల్లకీ మోసే బోయీలు "ఓహొం ఓహొం" అని ఎందుకనేవారు? నలుగురి అడుగూ ఒక్కటి కావడానికే. మా లెక్కింపు కూడా అదే.

ఇక మోసేవాడి సంగతి. నా తొలి రోజుల్లో "నీకు బలముంది, పట్టు" అనేవారు. ఒక రాత్రి మనుషులు చాలక ఇద్దరమే ఒక భారీ మనిషిని లాగాము. ఆయనకేమీ కాలేదు. నా నడుములో కలుక్కుమన్నది. మూడు వారాలు మంచం దిగలేదు. తప్పు నా బలానిది కాదు, ఇద్దరమే ఉండడానిది. అమెరికా పరిశోధకుడు థామస్ వాటర్స్ 2007లో చెప్పినది ఏమంటే, అన్నీ అనుకూలంగా ఉన్నప్పటికీ రోగి బరువులో ఒక మనిషి చేతులమీద పడదగినది 35 పౌనులు, అనగా సుమారు 16 కిలోలు మాత్రమే. ముందుకు వంగి, చేతులు చాచి పట్టుకుంటే అంత కూడా తగదు. 70 కిలోల మనిషి ఒక్క కాలే 11 కిలోలుంటుంది! ఈ దేశంలో పనిచోటి భద్రత చట్టం 2006లో వచ్చి, 2011 నాటికి అన్ని పనిచోట్లకూ వర్తించింది. అయినా చట్టం వచ్చి రోగిని పట్టుకోదు. "ఇంకొకరు వచ్చేదాకా ఆగుదాం" అనే ధైర్యం మనకే ఉండాలి.

ఇది మీ ఇంటికీ వర్తిస్తుంది. తుంటి ఆపరేషన్ అయిన నాయనమ్మను చంకలకింద చేతులు వేసి లాగకండి. ఇంట్లో పనికి ఉన్న అమ్మాయి ఒక్కతిచేతనే ఎత్తించకండి. ఆమెకూ నడుము ఉంది, ఆమెమీద ఆధారపడిన ఇల్లూ ఉంది. ఎలా లేపాలో ఆసుపత్రి వదిలేముందే ఫిజియోథెరపిస్టును అడిగి, ఇంటిల్లిపాదీ నేర్చుకోండి. కదిపేముందు "నాయనమ్మా, ఇప్పుడు లేపుతున్నాం" అని చెప్పండి. తరువాత అందరూ కలిసి ఒకటి, రెండు, మూడు అనండి. అది తెలుగులో అన్నా ఫరవాలేదు, ఆమెకు ధైర్యంగా కూడా ఉంటుంది.