క్వేజారుల వెలుగులో హెచ్చుతగ్గులు
(ఉగాది సభలో చేసిన ప్రసంగము)

పంచాంగశ్రవణము అయినది, రాశుల ఆదాయవ్యయాలు పెద్దలు వినిపించినారు. రైల్వే గుమాస్తాలము, మెట్రిక్యులేషను చదువు మాది. అయినా గ్రహాలకు ఎంతో ఆవలనున్న క్వేజారులను గురించి నాలుగు మాటలు మనవి చేస్తాము.

కన్యారాశిలో 3సి 273 అనే చుక్క ఉన్నది. అది నక్షత్రము కాదనీ, మహాదూరాన ఉన్నదనీ 1963లో మార్టెన్ ష్మిట్ తేల్చినారు. నేటి లెక్కకు 240 కోట్ల కాంతి సంవత్సరాలు. అంతదూరము నుంచి కనబడవలెనంటే మన పాలపుంతకు నూరు రెట్ల వెలుగైనా ఉండవలె. హార్వర్డు వేధశాలలో 1880ల నాటి నుంచి దాచిన ఫోటో పలకలు తీసి చూస్తే, ఆ వెలుగు నెలలలో, ఏండ్లలో హెచ్చుతగ్గులవుతున్నది. పాత రికార్డు పారవేయని గుమాస్తాలు అక్కడా ఉన్నారు!

ఇందులో వింత ఏమిటి? గూడ్సుబండి కదిలేటప్పుడు చూడండి. ఇంజను కుదుపు ఒక్కొక్క పెట్టె దాటి గార్డు పెట్టెకు చేరవలె. బండి ఎంత పొడుగో అంత ఆలస్యము. అట్లే ఏ మార్పూ వస్తువులో ఈ కొస నుంచి ఆ కొసకు కాంతికన్న వేగంగా పోలేదు. ఒక్కరోజులో వెలుగు బాగా మారితే, ఆ వెలిగే చోటు ఒకరోజులో కాంతి నడిచే 2,590 కోట్ల కిలోమీటర్లకు మించరాదు. పాలపుంత వెడల్పో, లక్ష కాంతి సంవత్సరాలు! ఇంత చిన్నచోట అంత వెలుగా అని కొందరు పండితులు దూరాన్నే శంకించినారు. పెద్ద కృష్ణబిలములో పడబోయే వాయువు కాగి వెలుగుతున్నదని తరువాత ఒప్పుకొన్నారు. (కొన్ని క్వేజారులు తమ ధారను మనవైపే చిమ్ముతవి. వాటి మార్పు ఉన్నదానికన్న త్వరగా కనబడుతుంది గనుక ఈ కొలత వాటికి సూటిగా అతకదు.)

అయితే మార్పు అబద్ధమైతే కొలతా అబద్ధమే. అసలు కష్టము అక్కడ ఉన్నది. చాల క్వేజారులు ఒక రాత్రిలో మారితే నూటికి ఒకటి రెండు పాళ్ళే. పలుచని మబ్బు అడ్డమైనా, చుక్క దిగువకు వాలినా అంతకన్న తగ్గుతుంది. అందుచేత అదే ఫోటోలో పడిన రెండు మామూలు నక్షత్రాలను సాక్షులుగా పెట్టుకొంటారు. మూడూ కలిసి మసకబారితే మబ్బు. సాక్షులిద్దరి లెక్క సరిపోయి క్వేజారు ఒక్కటే తప్పితే, మార్పు దానిదే. నైనితాలులో 104 సెంటీమీటర్ల దూరదర్శినితో 1990 దశకములో మనవారు గంటల తరబడి ఇట్లే ఫోటోలు తీసినారు. ఎన్నో రాత్రులు ఏమీ మారదు. ఆ రాత్రులు కూడా లెక్కలో వ్రాయవలసిందే. అవి వదిలితే మారిన రాత్రుల లెక్కకు విలువ లేదు.

ఉగాది అమావాస్య మరునాడు గనుక రాత్రి చీకటి. ఈ రోజులలో కన్యారాశి అర్ధరాత్రి ప్రాంతమున నడినెత్తికి వస్తుంది. ఊరి దీపాలకు దూరంగా ఎనిమిదంగుళాల దూరదర్శిని పెడితే 3సి 273 చిన్న చుక్కగా అగుపడుతుంది. పక్క నక్షత్రాలు గుర్తుపెట్టిన పటము మావద్ద ఉన్నది; కావలసినవారు భోజనాలైన తరువాత అడిగి నకలు వ్రాసుకోవచ్చును.